ఎంతమందిలో ఎంతమంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఊరివాళ్లే పూనుకుని చేస్తున్న మలేరియా నివారణ పని ఫలిస్తోందో లేదో తెలుసుకోవడం ఎలాగన్నది ఆ విషయం. అందువల్ల ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాం. రాసినవారి పేర్లు కావాలనే వేయడం లేదు.

ప్రశ్న (ఆదోని దగ్గరి ఒక గ్రామం నుంచి): మా యువజన సంఘం మూడేళ్లుగా ఆశా కార్యకర్తతో కలిసి దోమతెరలు పంచుతోంది, నీటి గుంతలు పూడుస్తోంది, వానాకాలానికి ముందు సభలు జరుపుతోంది. తెరలు తీసుకున్నవారి సంతకాలు, సభల ఫొటోలు అన్నీ మా దగ్గర ఉన్నాయి. అయినా నిరుటికంటే ఈసారి మా ఊరిలో మలేరియా కేసులు ఎక్కువయ్యాయని మండల సమావేశంలో చెప్పారు. మా శ్రమ వృథా అయినట్టేనా?

జవాబు: వృథా అయిందని చెప్పడానికి గానీ, ఫలించిందని చెప్పడానికి గానీ ఆ ఒక్క అంకె చాలదు. కేసులు ఇన్ని అని ఎవరైనా చెప్పగానే, ఎంతమందికి పరీక్ష చేస్తే అన్ని బయటపడ్డాయని మీరు అడగాలి. ఒక జ్వరం మలేరియా అవునో కాదో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. రక్తపూత తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనో, ర్యాపిడ్ కిట్‌తో పరీక్షిస్తేనో తప్ప అది లెక్కలోకి ఎక్కదు. పరీక్షే జరగని ఊరిలో కేసులు సున్నాగా ఉండడంలో వింతేమీ లేదు.

మాటవరసకు నాలుగు వేల జనాభా ఉన్న ఊరిని తీసుకుందాం. నిరుడు ఆ ఊరిలో 200 మందికి పరీక్ష చేస్తే నలుగురిలో, ఈ ఏడు 480 మందికి చేస్తే ఆరుగురిలో మలేరియా తేలిందనుకోండి. కేసులు నాలుగు నుంచి ఆరుకు పెరిగాయి, అంటే వెయ్యి జనాభాకు ఒకటి నుంచి ఒకటిన్నరకు చేరాయి. సమావేశంలో చదివేది ఈ లెక్కే; దీన్నే ఆరోగ్య శాఖవాళ్లు ఎ.పి.ఐ. అంటారు. అయితే పరీక్షించినవారిలో పాజిటివ్ వచ్చినవారి శాతం రెండు నుంచి ఒకటింపావుకు తగ్గింది, దాని పేరు ఎస్.పి.ఆర్. ఇక జనాభాలో నూటికి ఐదుగురికి జరిగిన రక్తపరీక్ష నూటికి పన్నెండుగురికి జరిగింది, ఇది ఎ.బి.ఇ.ఆర్. ఏడాదికి నూటికి కనీసం పదిమందికి పరీక్ష జరగాలని జాతీయ కార్యక్రమం పెట్టుకున్న ప్రమాణాన్ని ఆ ఊరు నిరుడు అందుకోలేదు, ఈ ఏడు దాటింది. అక్కడ కేసులు పెరగడం వెనుక ఆశా కార్యకర్త కష్టం ఉండవచ్చు. మీ ఊరిలో కూడా అదే జరిగిందని నేను అనడం లేదు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఏదీ తేలదని మాత్రం అంటున్నాను.

దీనిలో ఒక మెలిక ఉంది. పరీక్షల లక్ష్యం పూర్తి చేయాలన్న ఒత్తిడిలో జ్వరం లేనివారి రక్తం కూడా తీస్తే పరీక్షల సంఖ్య పెరుగుతుంది, పాజిటివ్ శాతం దానంతట అదే పడిపోతుంది, కాగితం మీద రోగం తగ్గినట్టు కనిపిస్తుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను ఒక రిజిస్టరు చూశాను. మూడు నెలల జ్వరాల వివరాలు ఒకే కలంతో, ఒకే దస్తూరీతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉన్నాయి. ఎండలో ఇల్లిల్లూ తిరిగి రాసిన రిజిస్టరుకు చెమట మరక అయినా అంటుకోదా? కాబట్టి రిజిస్టరులోని పేర్లలో ఒక పదింటిని ఎంచుకుని ఆ ఇళ్లకు వెళ్లి, ఆ తేదీన నిజంగా జ్వరం వచ్చిందా, రక్తం తీశారా, ఫలితం ఎన్నాళ్లకు చెప్పారు, మందు పూర్తిగా మింగారా అని అడిగి రండి. వైవాక్స్ అనే రకం మలేరియాకు ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వేసుకోవాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది కాబట్టి చాలామంది అక్కడితో ఆపేస్తారు. అలా ఆపినవారి కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది, అదీ కొత్త కేసుగానే మీ ఖాతాలో పడుతుంది. మీ గుంతలు పూడ్చే పనికి దానితో సంబంధం లేదు.

ఇక సంతకాల సంగతి. దోమతెర మీ చేతి నుంచి ఇంటివారి చేతికి మారిందని సంతకం చెబుతుంది, అంతకుమించి చెప్పదు. తెర ఇంటికి చేరాలి, దాన్ని కట్టాలి, రాత్రి దాని కింద పడుకోవాలి, ఏటా అలాగే సాగాలి, అప్పుడు గానీ జ్వరాలు తగ్గవు. ఈ గొలుసులో మీరు లెక్కపెట్టింది మొదటి కడియాన్నే. మన వైపు ఎండాకాలంలో జనం మిద్దె మీదో, వాకిట్లో నులకమంచం మీదో పడుకుంటారు, అక్కడ తెర కట్టడానికి కొక్కెం ఉండదు. తెర మాత్రం లోపల పెట్టెలో భద్రంగా ఉంటుంది. కోళ్లగూటి మీదికి, వడియాల మీదికి ఎక్కిన తెరలను కూడా నేను చూశాను. వెళ్లినప్పుడు తెర వాడుతున్నారా అని అడగకండి, వాడడం లేదని మీ ముఖం మీద చెప్పేవారు అరుదు. నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో ఒక్కొక్కరి పేరు చెప్పించుకుని, వారిలో తెర కింద పడుకున్నదెవరో అడగండి. ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో విడిగా రాసుకోండి. ఇద్దరికి ఒక తెర చొప్పున ఇంట్లో ఉన్నాయో లేవో కూడా చూడండి. తెర లేక పడుకోకపోవడం వేరు, ఉండీ పడుకోకపోవడం వేరు. మొదటిదానికి మందు మరికొన్ని తెరలు, రెండోదానికి మందు మాటలు, కొక్కేలు. మందు పట్టించిన తెర దాదాపు మూడేళ్లు, లేదా ఇరవై ఉతుకుల వరకు పనిచేస్తుంది. అంటే మీరు మొదటి ఏడాది పంచిన తెరల కాలం ఇప్పటికి తీరింది, వాటి చిరుగులు కూడా లెక్కలోకి రావాలి.

ఇంకొక్క మాట. మలేరియా వాననుబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ముంగారు బాగా కురిసిన ఏడాదిని కరువు ఏడాదితో పోలిస్తే మీరు ఏమీ చేయకపోయినా కేసులు పెరుగుతాయి, తిరగేసి పోలిస్తే ఏమీ చేయకుండానే తగ్గుతాయి. ఈ ఏడాది జులై నుంచి నవంబరు వరకు ఉన్న నెలలను గత మూడు నాలుగేళ్ల అవే నెలలతో పోల్చండి. మీ పని జరగని ఒక పొరుగూరిని, అదే నేల, అదే వాన, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పి.హెచ్.సి.) ఉన్నదాన్ని, పక్కన పెట్టుకుని చూడండి. కేసులు తగ్గాయని పని చాలించడం ఎంత ప్రమాదమో మన దేశం ఒకసారి చూసింది. 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు సుమారు లక్షకు దిగాయి, నిఘా సడలింది, 1976 వచ్చేసరికి అవి 64 లక్షలు దాటాయి.

ప్రశ్న (అనంతపురం పట్టణం నుంచి): మా వీధి మహిళా సంఘం శుక్రవారం డ్రై డే నాడు ఇళ్లలో తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేయిస్తోంది. ఎన్ని ఇళ్లలో దోమ పిల్లపురుగులు కనిపించాయో శాతం కట్టి బోర్డు మీద రాస్తున్నాం. ఈ శాతం తగ్గితే మలేరియా తగ్గినట్టేనా?

జవాబు: మీరు కడుతున్న శాతానికి హౌస్ ఇండెక్స్ అని పేరు, అది మొదట డెంగీ దోమ కోసం పుట్టిన కొలత. డెంగీని మోసే ఈడిస్ దోమ కుండ, టైరు, కూలర్, కొబ్బరిచిప్ప దేనిలోనైనా పెరుగుతుంది. పట్టణాల్లో మలేరియాను మోసేది అనాఫిలిస్ స్టీఫెన్సై. దానికి శుభ్రమైన నీరు నిలిచిన సంపులు, మూత సరిగా లేని మిద్దెపై ట్యాంకులు, బావులు, ఇల్లు కడుతున్నచోట క్యూరింగ్ కోసం నింపిన నీళ్లు ఇష్టం. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వీధిలో ఇంటింటా సంపు ఉంటుంది కాబట్టి అనంతపురం వంటి వానలు తక్కువ పట్టణంలో కూడా ఈ దోమకు లోటు లేదు. మీ సభ్యులు నేల మీది తొట్లు మాత్రమే చూసి, సంపు మూత ఎత్తకుండా, మిద్దె ఎక్కకుండా వస్తే మీ శాతం డెంగీ గురించి కొంత చెబుతుంది, మలేరియా గురించి దాదాపు ఏమీ చెప్పదు.

రెండింటినీ కంటితోనే వేరు చేయవచ్చు. అనాఫిలిస్ పిల్లపురుగు నీటిపొరకు సమాంతరంగా, గడ్డిపరక తేలినట్టు పడుకుని ఉంటుంది. ఈడిస్, క్యూలెక్స్ పురుగులు తోకనుంచి పొడుచుకొచ్చిన గొట్టాన్ని పైకి ఆనించి తల కిందికి వేలాడుతుంటాయి. తెల్లటి గిన్నెలోకి నీరు తీసి ఒక పూట చూపిస్తే పదో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు. మీ నోటు పుస్తకంలో ఇక మీదట మూడు గడులు గీయండి: నీళ్లున్న పాత్రలు, సంపులు, ట్యాంకులు ఎన్ని చూశారు, వాటిలో పడుకున్న పురుగు ఎన్నింటిలో ఉంది, వేలాడే పురుగు ఎన్నింటిలో ఉంది. మొదటి గడి ఖాళీగా ఉంటే మిగతా రెండింటికీ విలువ లేదు. తాళం వేసి ఉన్న ఇళ్లను, మిద్దె ఎక్కనివ్వని ఇళ్లను కూడా రాయాలి. ఎందుకంటే పట్టణంలో దోమ పెరిగేది తరచుగా ఆ ఇళ్లలోనే.

గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది, వారానికొకసారి ఖాళీ చేయించడం అందుకే సరిపోతుంది. అయితే తొట్లు కడిగించినవారే శనివారం వెళ్లి లెక్కపెడితే ఆ లెక్క తీపిగానే వస్తుంది. పక్క వీధి సంఘంతో మాట్లాడుకుని మీ వీధిని వారు, వారి వీధిని మీరు చూసుకోండి. అది కూడా శుక్రవారం దాటి ఐదో రోజున చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. బావుల్లో దోమ పురుగులను తినే గంబూషియా చేపలు వదులుతున్న సంఘాలకు కూడా ఇదే మాట. ఎన్ని చేపలు వదిలారన్నది లెక్క కాదు, నెల తర్వాత ఎన్ని బావుల్లో చేపలు బతికి ఉన్నాయన్నదే లెక్క. మన బావులు వేసవిలో అడుగంటుతాయి కాబట్టి ఏటా వానల తర్వాత ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రశ్న (కడప నుంచి, నర్సింగ్ విద్యార్థిని): పర్యవేక్షణ, మూల్యాంకనం ఒకటేనా? మా ప్రాజెక్టుకు అన్ని ఇళ్లూ తిరగలేము. కొద్ది ఇళ్లు చూసి పని బాగుందని చెప్పవచ్చా?

జవాబు: ఒకటి కావు. వంట చేస్తూ మధ్యలో ఉప్పు చూడడం పర్యవేక్షణ, తిన్నవారి కడుపు నిండిందో లేదో కనుక్కోవడం మూల్యాంకనం. మొదటిది నెలనెలా, వారంవారం జరుగుతూ పనిని అక్కడికక్కడ సరిదిద్దడానికి ఉపయోగపడుతుంది. రెండోది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, పోలిక పెట్టుకుని, వచ్చిన మార్పు ఈ పని వల్లనే వచ్చిందా అని తేల్చుతుంది. పని మొదలుపెట్టకముందే ఒకసారి కొలిచి ఉంచకపోతే రెండోది సాధ్యం కాదు, మన సంఘాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కొద్ది ఇళ్లతో చెప్పవచ్చా అంటే, ఏం చెప్పదలచుకున్నారన్నదాని మీద ఉంటుంది. ఎల్.క్యు.ఎ.ఎస్. అనే పద్ధతి మీకు సరిపోతుంది, ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే పద్ధతి నుంచి ఆరోగ్య రంగం తెచ్చుకున్నది అది. ఒక్కొక్క ఆశా కార్యకర్త పరిధిలోనో, ఒక్కొక్క సచివాలయం పరిధిలోనో 19 ఇళ్లు చూస్తారు. నూటికి 80 ఇళ్లలో పిల్లలు తెర కింద పడుకోవాలన్నది లక్ష్యమనుకుందాం. 19లో కనీసం 13 ఇళ్లలో అలా ఉంటే ఆ పరిధి లక్ష్యం అందుకున్నట్టు, 12కు దిగితే అందుకోనట్టు తీసుకుంటారు. పందొమ్మిదిలో 80 శాతమంటే పదిహేను కదా, పదమూడు ఎందుకని మీకు సందేహం వస్తుంది. చిన్న నమూనాలో అదృష్టం పాలు ఉంటుంది. నిజంగా 80 శాతం ఉన్న పరిధిలో కూడా ఒక్కోసారి వాడని ఇళ్లే ఎక్కువగా మన చేతికి తగలవచ్చు. అంత పని చేసినవారిని తప్పుగా ఫెయిల్ చేసే అవకాశం నూటికి పదికి లోపే ఉండేలా, 50 శాతం దగ్గరే ఆగినవారిని తప్పుగా పాస్ చేసే అవకాశం కూడా అంతలోపే ఉండేలా లెక్కకట్టి ఆ పదమూడును పెట్టారు. ఈ రెండింటి మధ్యలో, 65 శాతం దగ్గర ఉన్న పరిధి ఎటైనా తేలవచ్చు. దాని గురించి గట్టిగా మాట్లాడకండి. 19లో 14 వచ్చింది కాబట్టి మా పరిధిలో 74 శాతం అని రాయడం కూడా తప్పు, ఈ పద్ధతి చాలినవారిని, చాలనివారిని విడదీయడానికే. ఐదు పరిధుల 95 ఇళ్లను జనాభా నిష్పత్తిలో కలిపితే మొత్తానికి ఒక శాతం చెప్పవచ్చు, అది కూడా పది అటూ పది ఇటూ అనుకునే చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైన భాగం ఆ 19 ఇళ్లను ఎంచుకోవడం. రచ్చబండ చుట్టూ, ఆశా కార్యకర్త ఇంటి వీధిలో, బస్సు దిగినచోట దొరికిన ఇళ్లను చూస్తే ఊరి మొగం కనిపిస్తుంది, వీపు కనిపించదు. ఇళ్ల జాబితా తీసుకుని చీటీలు వేయండి. చీటీలో వంక అవతల గుడిసె వస్తే అక్కడికే నడవండి. తాళం ఉంటే రెండోసారి, మూడోసారి వెళ్లండి తప్ప పక్కింటితో సరిపెట్టకండి.

ప్రశ్న (కడప జిల్లా, పెన్నా ఒడ్డున ఒక గ్రామం నుంచి): మా ఊరిలో నూటికి నూరు ఇళ్లకు స్ప్రే చేసినట్టు రాశారు. దోమలు మాత్రం తగ్గలేదు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇళ్ల లెక్కను పక్కన పెట్టి గదుల లెక్క అడగండి. వరండా గోడకు మందు కొట్టి, దేవుడి గది, వంటగది, పడకగది వదిలేసినా రిజిస్టరులో ఆ ఇల్లు పూర్తయినట్టే పడుతుంది. దోమ తాగిన రక్తం అరిగేదాకా వాలేది ఆ లోపలి గోడల మీదే. మన పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ పశువుల రక్తాన్నే ఎక్కువగా ఇష్టపడుతుంది కాబట్టి పశువుల కొట్టం వదిలేశారేమో కూడా చూడండి. తర్వాత ఇంటివారినే అడగండి: మందు కొట్టాక గోడలకు పేడ అలికారా, సున్నం వేశారా? పండగ ముందు స్ప్రే జరిగితే వారం తిరగకుండా అది సున్నం కిందికి పోతుంది. సుమారు 10 నుంచి 12 వారాలు గోడను ముట్టకుండా ఉంచితేనే ఆ మందు తన పని చేస్తుంది. మీకు తగ్గలేదనిపించిన దోమలు మురుగులో పెరిగే క్యూలెక్స్ అయి ఉండే అవకాశం కూడా ఉంది. అవి ఒళ్లంతా కుడతాయి గానీ మలేరియాను మోయవు.

ప్రశ్న (కోసిగి ప్రాంతం నుంచి): మా ఊరివాళ్లు పత్తికి, మిరపకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. తిరిగి వచ్చాక కొందరికి మలేరియా తేలుతోంది. ఆ కేసులు మా లెక్కలో వేయడం న్యాయమా? పైగా జిల్లాలు విడిపోయాక పాత లెక్కలతో పోలిక కుదరడం లేదు.

జవాబు: వేయాలి, విడిగా వేయాలి. రోగి మీ ఊరిలో ఉన్నంతకాలం అతన్ని కుట్టిన దోమ మరొకరిని కుడుతుంది కాబట్టి చికిత్స, చుట్టుపక్కల ఇళ్ల పరీక్ష మీ బాధ్యతే. మీ గుంతలు పూడ్చే పని ఫలించిందా అని చూసేటప్పుడు మాత్రం ఆ జ్వరం ఎక్కడ పుట్టిందో తెలియాలి. దోమ కుట్టిన తర్వాత జ్వరం బయటపడడానికి సాధారణంగా 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఊరికి చేరిన రెండో రోజునే జ్వరం వచ్చిందంటే అది వెంట తెచ్చుకున్నదే. వచ్చి రెండు నెలలైనవాడికి వస్తే ఇక్కడిదని అనుమానించాలి, వైవాక్స్ అయితే పాతది తిరగబెట్టిందేమో కూడా అడగాలి. కేసు తేలినప్పుడు గత నెల రోజుల్లో ఎక్కడెక్కడ పడుకున్నారన్న ఒక్క ప్రశ్న రాసుకుంటే చాలు, ఏడాది చివర ఇబ్బంది ఉండదు. 2021లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన చైనా దీనికి రోజులు కట్టుకుని పనిచేసింది. ఒక రోజులో కేసు తెలియజేయడం, మూడు రోజుల్లో అది ఎక్కడిదో తేల్చడం, ఏడు రోజుల్లో ఆ చోట పని ముగించడం అక్కడి నియమం. మీరు కూడా ప్రతి కేసు పక్కన ఆ మూడు తేదీలూ రాసి చూడండి.

వలస మరో చిక్కు కూడా తెస్తుంది. సుగ్గి నెలల్లో వీధికి వీధి ఖాళీ అవుతుంటే, 2011 జనాభా లెక్కతో భాగించిన ఎ.పి.ఐ. ఏ జనాభాది? ఆ నెలల్లో ఊరిలో ఉన్నవారెందరో ఆశా కార్యకర్త జాబితా చూసి సరిచేసుకోండి. వాళ్లు తిరిగి వచ్చే వారంలో ఇంటింటి జ్వరాల సర్వే పెడితే మీకు దొరికే సమాచారం ఏడాదంతా చేసిన దానికంటే విలువైనది.

జిల్లాల సంగతికి వస్తే, 2022 ఏప్రిల్‌లో పాత కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాయి, కడపలో కొంత భాగం అన్నమయ్యలోకి వెళ్లింది. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు, శ్రీశైలం వైపు గూడేలు నంద్యాలకు వెళ్లాక కర్నూలు జిల్లా అంకె తగ్గితే అందులో మీ ఘనతా లేదు, ఎవరి తప్పూ లేదు. జిల్లా అంకె వదిలేసి పి.హెచ్.సి. అంకె పట్టుకోండి, అక్కడ నెలవారీ రిపోర్టులు పాతవి కూడా ఉంటాయి. అయితే అడిగేముందు మీ ఊరు ఆ పి.హెచ్.సి. కిందకు ఏ సంవత్సరంలో వచ్చిందో కనుక్కోండి, కొన్ని సబ్ సెంటర్లు కూడా మధ్యలో చేతులు మారాయి.